కైసర్స్‌లౌటర్న్ నడుమ ఒక ‘ఎస్’

మన ఊరి పేరును రైలు స్టేషను పలక మీద రోజూ చదువుతూనే ఉంటాము. ఆ పేరు నడుమ నిలిచిన ‘ఎస్’ అక్షరం అక్కడ ఏం పని చేస్తున్నదో విచారించే తీరిక మాత్రం మనకు చిక్కదు.

లౌటర్ అన్నది ఇక్కడి ఏరు పేరు. దాని మీదుగానే ఊరు లౌటర్న్ అయింది. 1152లో జర్మన్ రాజై, 1155లో రోములో చక్రవర్తి కిరీటం ధరించిన ఫ్రెడరిక్ బార్బరోసా ఇక్కడ రాజభవనం కట్టించాడు. దాని శిథిలాలు నేటికీ పురపాలక భవనం పక్కన ఉన్నాయి. సికందర్ జా పేరున 1806లో సికిందరాబాదు వెలసినట్లే, ఈ ఊరికీ కాలక్రమాన ఏలికతో ముడిపడిన పేరు స్థిరపడింది. కైసర్స్‌లౌటర్న్ అంటే చక్రవర్తివారి లౌటర్న్. ‘వారి’ అన్న అర్థాన్నంతా మోస్తున్నది ఆ ఒక్క ‘ఎస్’. మన షష్ఠీ విభక్తి వంటిదన్నమాట.

ఇంగ్లీషులో స్వామ్యాన్ని తెలిపే ‘ఎస్’ దీనికి తోబుట్టువే. ఐదవ శతాబ్దంలో ఉత్తర జర్మనీ, డెన్మార్కు ప్రాంతాల నుంచి ఆంగ్లులు, శాక్సనులు బ్రిటనుకు వలస వెళుతూ తమ విభక్తులను కూడా వెంట తీసుకుపోయారు. ప్రాచీన ఇంగ్లీషులో రాయికి ‘స్టాన్’ అని పేరు. ‘స్టానెస్’ అంటే రాతి యొక్క, ‘స్టానస్’ అంటే రాళ్ళు. రెండింటికీ తేడా చెవికి తెలిసేది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించేనాటికే పదాంతాలలోని అచ్చులు సడలుతున్నాయి. తరువాతి శతాబ్దాలలో అవి ఒకటిగా కలిసిపోయి, బహువచనానికీ స్వామ్యానికీ ఒకే ధ్వని మిగిలింది.

చెవికి దక్కని తేడాను కంటికి చూపించడానికే అక్షరం నెత్తిన అపాస్ట్రఫీ అనే చిన్న కొక్కెం వచ్చింది. పదహారవ శతాబ్దంలో ఫ్రెంచివారిని చూసి ఇంగ్లీషువారు దీనిని మొదట లోపించిన అక్షరానికి గుర్తుగా వాడారు. స్వామ్యానికి వాడడం పదిహేడవ శతాబ్దం చివరికి గాని కుదురుకోలేదు. బహువచనంలో ‘ఎస్’ తరువాత దానిని పెట్టే పద్ధతి ఇంకా తరువాతిది. స్వామ్యంలోని ‘ఎస్’ అసలు ‘హిజ్’ అనే మాటకు కుదింపు అని 1711లో అడిసన్ వంటి పండితుడే రాశాడు. అలాగైతే స్త్రీల పేర్లకు అది ఎలా చేరుతుందని 1755 నాటి తన నిఘంటువులో జాన్సన్ ఆ వాదాన్ని తోసిపుచ్చాడు.

ఈ కొక్కెం విషయంలో నేటికీ ఏకాభిప్రాయం లేదు. లండన్ భూగర్భ రైలు మార్గంలో ఎర్ల్స్ కోర్ట్‌కు అది ఉంటుంది, పక్కనున్న బారన్స్ కోర్ట్‌కు ఉండదు. 1890లో ఏర్పడిన అమెరికా భౌగోళిక నామాల మండలి ఊళ్ళ పేర్లలో దానిని సాధారణంగా ఒప్పుకోదు. జర్మన్ వ్యాకరణం ప్రకారం స్వామ్యానికి కొక్కెం అవసరమే లేదు. అయినా దుకాణాల బోర్డుల మీద ఇంగ్లీషు ఫక్కీలో అది కనబడుతూనే వచ్చింది, తప్పని వెక్కిరించిన వాళ్ళూ ఉన్నారు. చివరికి 2024 నాటి నియమాలు దుకాణాల పేర్లలో యజమాని పేరు తరువాత దానిని అనుమతించాయి.

ఇక బహువచనాల సంగతి. ఫుట్–ఫీట్, మౌస్–మైస్, గూస్–గీస్ ఎందుకలా మారుతాయని పిల్లలు అడిగితే, జవాబు ఇక్కడి వీధిలోనే ఉంది. జర్మన్‌లో ఫూస్–ఫ్యూసె, మౌస్–మొయిజె, గాన్స్–గెన్జె. అవి నియమం తప్పినవి కావు, పాత నియమానికి కట్టుబడి మిగిలినవి. ‘చిల్డ్రెన్’ అన్నది మరీ విచిత్రం. అప్పటికే బహువచనమైన ‘చిల్డ్రు’ చాలలేదని మరొక ప్రత్యయం తగిలించారు. మనవాళ్ళు ‘షూస్‌లు’ అంటే నవ్వుతాము గాని, ఇంగ్లీషువారు చేసినదీ అదే.

మన తెలుగులో ఈ పేచీ లేదు. ‘పిల్లవాడి పుస్తకం’, ‘పిల్లల పుస్తకం’ అన్నప్పుడు తేడా చెవికే తెలుస్తుంది, కొక్కెం అక్కరలేదు. బళ్ళో ‘యొక్క’ అని అనువాదం చేయించారు గాని, ఇంట్లో ఎవరూ ‘ఇల్లు యొక్క తలుపు’ అనరు. ఇల్లు ‘ఇంటి’ అవుతుంది, ఇళ్ళు ‘ఇళ్ళ’ అవుతుంది. కన్ను, కంటి, కళ్ళు, కళ్ళ. మాట మొదలే మారే ఈ అందం మన భాషకు పాత ఆస్తి.

పరాయి దేశంలో పెరిగే పిల్లల నోట ‘ఇల్లు తలుపు’, ‘కాలు వేలు’ అన్నవి దొర్లడం మనం వింటున్నదే. దీనిని తేలికగా తీసుకోరాదు. ప్రాచీన ఇంగ్లీషులో పుస్తకం ‘బోక్’, పుస్తకాలు ‘బేచ్’. అది పోయి ‘బుక్స్’ మిగిలింది. కళ్ళకు ‘ఐయెన్’ అనే మాట చాసర్ కాలంలో వాడుకలో ఉండేది, అదీ పోయింది. నిత్యం నోట నలిగే మాటకు పాత రూపం నిలిచే అవకాశం ఎక్కువ, వాడుక పలచబడితే అది కూడా కరిగిపోతుంది. ‘ఇంటి తలుపు వేసిరా’, ‘కంటి కాటుక చెరిగింది’, ‘కాలి వేలికి దెబ్బ తగిలిందా’ అన్న మాటలు పిల్లలు రోజూ మన నోట వింటే చాలు. అంతకు మించిన వ్యాకరణ పుస్తకం వారికి ఇప్పుడు అవసరం లేదు.