చేదు భాజీ తారీఖ్: హిందిబా, కాస్నీ, జిర్జీర్

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇలాఖాలో గల్ఫ్ పోయొచ్చిన మనిషి లేని మొహల్లా దొరకడం కష్టం. కొండగట్టు చుట్టుపక్కల ఊళ్లలోనూ అంతే. వాళ్లను 'జిర్జీర్' గురించి అడగండి, చాలామంది వెంటనే గుర్తుపడతారు. అక్కడ కాల్చిన చేప పక్కన, నిమ్మకాయ ముక్కతో పాటు పచ్చిగానే పెట్టే ఆకు అది. నమిలితే ముందు ఆవాల ఘాటు, తర్వాత చేదు.

తమాషా ఏందంటే, ఇది మన ముల్క్‌కు కొత్త మొక్క కాదు. రాజస్థాన్, హర్యానా పొలాల్లో 'తారామీరా' పేరుతో నూనె గింజల కోసం పండించేది దీన్నే. దాని ఆకును పచ్చిగా తినే ఆదత్ మాత్రం మనవాళ్లకు అరబ్బుల దస్తర్‌ఖాన్ మీదే తెలిసింది.

ఆ ఆదత్ వెనక పెద్ద తారీఖ్ ఉంది. చేదు ఆకుల్లో పాత హకీములు ఎక్కువ ఇజ్జత్ ఇచ్చింది హిందిబాకు. అరబ్బీలో హిందిబా, ఫార్సీ, ఉర్దూలలో కాస్నీ. నీలం పూలు పూస్తుంది. కాఫీ పొడి ప్యాకెట్ మీద రాసి ఉండే చికోరీ ఈ మొక్క వేరే. ఇబ్నె సీనా (980–1037) ఈ ఒక్క మొక్క మీదే ఒక రిసాలా రాశాడు. కాస్నీ ఆకును కడగకుండా వాడాలని ఆయన వాదన. దాని తాసీర్‌లో సున్నితమైన భాగం ఆకు పైననే ఉంటుందని, నీళ్లు తగిలితే పోతుందని ఆయన అనుకున్నాడు. మందులు కొట్టిన ఆకులు బజారుకొచ్చే ఈ జమానాలో ఆ మాట పాటించకండి, బాగా కడిగే తినండి. కానీ ఒక సాదా ఆకు గురించి అంత పెద్ద ఆలిమ్ కలం పట్టాడన్న సంగతి గుర్తుంచుకోదగ్గది.

ఆ ఇల్మ్ యూనానీ తిబ్‌తో పాటు దక్కన్ దాకా వచ్చింది. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనున్న నిజామియా తిబ్బీ కాలేజీ దాని నిషానీ. హకీములు జిగర్ కోసం అర్ఖె కాస్నీ ఇస్తారు. షర్బతె బజూరీలో కాస్నీ గింజలు, వేరు పడతాయి. కానీ ఆకు మాత్రం మన తినే పళ్లెంలోకి రాలేదు. ఇల్మ్ సీసాలో మిగిలింది, వేరు కాఫీలోకి పోయింది.

ఇక్కడ ఒక జరూరీ మాట. కాస్నీ ఆకు మీద జన్నత్ నీటిచుక్కలు పడతాయంటూ రసూలుల్లాహ్ (స) పేరుతో రివాయతులు తిరుగుతుంటాయి. ఇబ్నె ఖయ్యిమ్ (వఫాత్ 1350) తిబ్బె నబవీ గురించి రాస్తూ, హిందిబా మీద చెప్పే హదీసులు సాబిత్ కాలేదని, అవి కల్పితాలని సాఫ్‌గా చెప్పాడు. ఆకు మంచిదని చెప్పడానికి ప్రవక్త పేరున అబద్ధం అక్కర్లేదు. ఫోన్‌లో వచ్చింది కదా అని ముందుకు పంపకండి.

మన ఇండ్లల్లో చేదు బతికింది మేథీ భాజీలో. అమ్మీలు, నానీలు ఆ చేదును పారేయలేదు, మేథీ గోష్‌లో కొవ్వుతో కలిపి లజ్జత్ చేశారు. పక్కింటి హిందువులు వినాయక చవితికి తుమ్మికూర వండుకుంటారు, అదీ చేదే. అంటే ఈ నేల మీద చేదు ఎవరికీ పరాయిది కాదు. అయితే మనం దాన్ని వండుకున్నాం, అరబ్బులు పచ్చిగా తిన్నారు.

ఈ రెండూ ఇంటి వెనక చారెడు జాగాలో కలవొచ్చు. మేథీ, జిర్జీర్, కాస్నీ మూడూ చలికాలం పంటలే. దసరా దాటినంక చల్లితే మేథీ, జిర్జీర్ నెల రోజులకే కోతకొస్తాయి. కాస్నీకి ఇంకొంచెం సబ్ర్ కావాలి, కానీ మొదలు వదిలి కోస్తే మళ్లీ మళ్లీ చిగురిస్తుంది. లేతగానే కోయాలి. ఎండలు ముదిరితే జిర్జీర్ పూతకు లేస్తుంది, ఘాటు నాలుక మీద నిలవనీయదు. కోసిన ఆకు మీద నిమ్మరసం, ఉప్పు, ఉల్లిగడ్డ చాలు.

ఒక్క ఎహతియాత్: భాజీగా తినడం వేరు, దవాగా తాగడం వేరు. ఆకు తింటున్నామని డాక్టర్ ఇచ్చిన గోళీలు ఆపొద్దు.

గల్ఫ్ నుంచి మన పిల్లలు అత్తరు, ఖజూర్, జానమాజ్ తెచ్చారు. ఈసారి వచ్చేటోళ్లు జిర్జీర్ తినే ఆదత్‌ను కూడా తెస్తే బాగుంటుంది. దానికి సామాను తూకం కూడా అడ్డు రాదు.