చవితి రాత్రి, చారెడు ఇసుక

2021 సెప్టెంబర్ 10. వినాయక చవితి. హైదరాబాద్‌లో మండపాల దగ్గర మైకులు మోగుతున్నాయి. రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో దుర్గం చెరువు తీగల వంతెన దాటి ఐకియా వైపు ఒక ట్రయంఫ్ బైకు దూసుకెళ్తోంది. నడుపుతున్నది సినీ హీరో సాయి ధరమ్ తేజ్. తలకు హెల్మెట్ ఉంది.

రోడ్డు మీద ఒకచోట ఇసుక, మట్టి పేరుకుని ఉన్నాయి. ముందు వెళ్తున్న వాహనాన్ని దాటబోతుండగా టైరు దాని మీదికెక్కింది. అంతే, పట్టు తప్పింది. బండి ఒరిగి రోడ్డును రాసుకుంటూ జారిపోయింది. మనిషి కింద పడ్డాడు. పిలిస్తే పలకలేదు.

చుట్టూ ఉన్నవాళ్లు 108కి ఫోన్ చేశారు. పడ్డది హీరో అని తెలిసి చేసింది కాదు. ముందు దగ్గర్లోని ఆసుపత్రికి, అక్కణ్నుంచి జూబ్లీహిల్స్ అపోలోకి తీసుకెళ్లారు. కాలరు ఎముక విరిగింది. ఆపరేషన్ చేశారు. మెదడుకు, వెన్నెముకకు పెద్ద గాయాలు లేవని డాక్టర్లు చెప్పారు. హెల్మెట్టే కాపాడిందన్నారు. వేగంగా, నిర్లక్ష్యంగా నడిపారని పోలీసులు కేసూ పెట్టారు.

ఏళ్ల తరబడి బండి నడిపినవాడికే ఆ గతి పడితే, నిన్న మొన్న క్లచ్ వదలడం నేర్చినవాడి మాటేమిటి?

ఈ సంగతి రాజోలి కుర్రాళ్లు మరీ పట్టించుకోవాలి. నేతన్నల ఊరు అది, తుంగభద్ర ఒడ్డునే ఉంది. ఇసుక ట్రాక్టరు పోయిన దారిలో, ముఖ్యంగా మలుపుల్లో, సన్నటి పొర మిగులుతుంది. టైరు కింద ఆ రేణువులు గోళీల్లా దొర్లుతాయి. అలాంటిచోట కొత్తవాడు భయపడి ముందు బ్రేకు గట్టిగా నొక్కుతాడు. ముందు చక్రం తిరగడం ఆగి జారుతుంది. బండి పడేది అక్కడే.

“ఇసుక కనవడంగనే మెల్లగ జెయ్, దాని మీద వోయినంక బ్రేక్ వట్టకు, బండి వంచకు” అని అన్న తమ్ముడికి చెప్పే మాటే అసలు సూత్రం. వేగం ఇసుక రాకముందే తగ్గాలి. దాని మీద హ్యాండిల్ తిన్నగా, యాక్సిలరేటర్ నిలకడగా ఉండాలి. చూపు ఇసుక మీద కాదు, దాని అవతల పోవాల్సిన దారి మీద ఉండాలి. కంగారులో కళ్లు ఎటు చూస్తే చేతులు బండిని అటే తిప్పుతాయి.

కోతలప్పుడు మరో గండం. తారు రోడ్డు మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. చుట్టూ రాళ్లు పేరుస్తారు, రాత్రి నల్ల పరదా కప్పుతారు. బండి లైటు వెలుతురులో ఆ నలుపు తారులో కలిసిపోతుంది. రాయి కనిపించేసరికి దాని మీదే ఉంటాం. ఆ రోజుల్లో కొత్తవాడు చీకటి పడకముందే ఇల్లు చేరడం మేలు.

బ్రేకు సంగతి ఖాళీ మైదానంలో తేల్చుకోవాలి. బ్రేకు వేస్తే బరువంతా ముందుకొస్తుంది కాబట్టి పొడి రోడ్డు మీద బండిని ఎక్కువగా ఆపేది ముందు బ్రేకే. రెండూ కలిపి, ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా బిగించడం చేతికి అలవాటయ్యాకే శాంతినగర్ వైపు గానీ సుంకేసుల వైపు గానీ బయల్దేరాలి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదై ఉండాలి, గడ్డం కింద పట్టీ బిగించాలి. పట్టీ పెట్టని హెల్మెట్ పడేటప్పుడు మనకన్నా ముందే ఎగిరిపోతుంది.

గేర్ల బండికి 18 ఏళ్లు నిండాలి. మైనర్ చేతికి తాళం ఇస్తే మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు. పడినవాణ్ని ఆదుకున్నవాళ్లకు మాత్రం అదే చట్టం రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని పోలీసులు బలవంతపెట్టకూడదు. కాబట్టి జంకకుండా 108కి ఫోన్ చేయొచ్చు.

సాయి ధరమ్ తేజ్ అక్టోబర్ 15న, సరిగ్గా దసరా నాడు, తన పుట్టినరోజునే ఇల్లు చేరారు. ఆ తర్వాత మాట కూడా సరిగ్గా వచ్చేది కాదని తానే చెప్పుకున్నారు. ‘విరూపాక్ష’తో మళ్లీ తెర మీదికి వచ్చేసరికి 2023 ఏప్రిల్ 21 అయింది. ఆయనకు అన్నాళ్లు ఆగే వీలుంది. రాజోలి నేతన్నకు అదెక్కడిది? కాలరు ఎముక విరిగినవాడు మగ్గం మీద కూర్చోలేడు. మగ్గం ఆగితే ఇంట్లో కూలి ఆగుతుంది. బండి కొనే రోజే మంచి హెల్మెట్ కూడా కొనడం ఆ ఇంటికి అన్నిటికన్నా చౌక.