సున్నపురాయి అడిగిన ప్రశ్న

నేను తెలుగు పండితుణ్ణి. రసాయనశాస్త్రం నా పాఠం కాదు. అయినా పాత బాకీ ఒకటి తీర్చుకోవడానికి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

ఒకనాడు సైన్సు మాస్టారు సెలవు పెడితే పదో తరగతికి వెళ్ళాను. మా నేరేడుచర్ల ప్రాంతంలో సున్నపురాయికి కొదవ లేదు, సున్నపు బట్టీలో పనిచేసే ఇంటి పిల్లవాడొకడు లేచి, "సారూ, కాల్చినప్పుడు నిప్పు రాయిలకు పోతదా? అందుకేనా నీళ్ళు పొయ్యంగనే మరుగుతది?" అన్నాడు. నాకు తెలియదని చెప్పలేకపోయాను. "అది గుప్తోష్ణం" అని, ఆ పదానికి వ్యుత్పత్తి చెప్పి కూర్చోబెట్టాను. తరగతి నవ్వింది. వాడు మళ్ళీ ప్రశ్న అడగలేదు.

విశ్రాంతి దొరికాక చదివితే తెలిసింది: పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపా పండితులలో పలువురు అనుకున్నదీ అదే, నిప్పు రాయిలో చేరి సున్నానికి ఆ ఘాటు తెస్తుందని. ఎడిన్‌బరోలో వైద్యం చదివిన జోసెఫ్ బ్లాక్ త్రాసు పట్టాడు. కాలిన రాయి బరువు పెరగలేదు, తగ్గింది. లోపలికి ఏదీ చేరలేదు. ఒక వాయువు బయటికి పోయింది. ఆ సంగతి 1756లో ప్రకటించాడు. అదే నేటి కార్బన్ డయాక్సైడ్. గుప్తోష్ణాన్ని కనుగొన్నదీ ఆయనే. అయితే అది మంచు కరగడానికీ నీరు ఆవిరి కావడానికీ సంబంధించినది. నేను చెప్పినది తప్పు.

నేటి పిల్లలు దీనినే మోల్ లెక్కగా చేస్తారు. ధాన్యానికి మానిక ఎలాగో అణువులకు మోల్ అలాగ. ఆ పదాన్ని ఆస్ట్వాల్డ్ 1890లలో వాడుకలోకి తెచ్చాడు, 1971లో అది అంతర్జాతీయ ప్రమాణమైంది. ఒక మోల్ సున్నపురాయి 100 గ్రాములు. కాలిస్తే 44 గ్రాముల వాయువు పోయి 56 గ్రాముల పొడిసున్నం మిగులుతుంది. దానికి 18 గ్రాముల నీరు చేరితే 74 గ్రాముల తడిసున్నం. అది నీటిలో కరిగేది స్వల్పమే; లీటరుకు రెండు గ్రాములైనా కరగదు. ఆ కరిగినదే సున్నపు తేట.

ఇక వేడి లెక్క. మోల్ రాయి కాలడానికి సుమారు 178 కిలోజౌళ్ళు పీల్చుకుంటుంది. నీళ్ళు పోసినప్పుడు అందులో 65 తిరిగి వస్తాయి. గోడకు పూసిన సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చి మళ్ళీ రాయి అయ్యేటప్పుడు తక్కిన 113 నెమ్మదిగా, మనకు తెలియకుండానే వెలువడుతాయి.

అంటే రాయిలోకి నిప్పు అనే పదార్థం పోలేదు గాని, బట్టీ ఇచ్చిన శక్తి పోయింది. పిల్లవాడు సగం సరిగానే అన్నాడు. నేను పూర్తిగా తప్పు చెప్పాను.

గోడకు సున్నం వేయడం చూసినప్పుడల్లా వాడు గుర్తుకు వస్తాడు. తరగతిలో ఉన్న మిత్రులకు ఒక్క మనవి: తెలియనప్పుడు "తెలియదు, రేపు చూసి చెబుతాను" అనండి. పిల్లలు నవ్వరు. నవ్వినా నష్టం లేదు.