ఎన్.ఎస్.ఎస్. వెనకాల ఇరవై ఏళ్ళ వాదన

1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు జాతీయ సేవా పథకాన్ని ప్రారంభించారు. 37 విశ్వవిద్యాలయాలు, 40 వేల మంది విద్యార్థులు. అదీ తొలి ఏడాది లెక్క. గాంధీజీ శతజయంతి సంవత్సరం కావడంతో సందర్భమూ కలిసొచ్చింది. మన కాలేజీల్లో అందరూ ఎన్.ఎస్.ఎస్. అని పిలిచేది దీన్నే. ఏటా ఆ తేదీన ర్యాలీలు తీసి, మొక్కలు నాటి దాని పుట్టినరోజు చేసుకుంటున్నాం గానీ, 1969 నాటికే ఈ ఆలోచనకు ఇరవై ఏళ్ళు నిండాయి. ఆ ఇరవై ఏళ్ళూ అది కమిటీల చేతులు మారుతూ, మంత్రుల సమావేశాల్లో నలుగుతూ గడిపింది. అప్పుడు వాళ్ళు దేనిమీద వాదించుకున్నారో, ఏ ప్రశ్న జోలికి పెద్దగా పోలేదో చూస్తే, ఈ పథకం ఇవాళ కొన్ని కాలేజీల్లో నిండు ప్రాణంతోనూ, కొన్నిచోట్ల హాజరు పట్టీలోనూ ఎందుకు బతుకుతోందో అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాది, 1948లో, విశ్వవిద్యాలయ విద్య మీద కమిషన్ వేశారు. దానికి అధ్యక్షులు సర్వేపల్లి రాధాకృష్ణన్. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు కనుక కాలేజీ కుర్రకారు సంగతి ఆయనకు దగ్గరనుంచి తెలుసు. చదువుకునే వాళ్ళు దేశసేవలోనూ పాలుపంచుకోవాలనీ, అయితే అది వాళ్ళ ఇష్టం మీద జరగాలనీ ఆ కమిషన్ సూచించింది. 1952లో మొదటి పంచవర్ష ప్రణాళిక ఇంకో అడుగు ముందుకేసి, విద్యార్థులు ఏడాదిపాటు సామాజిక సేవ, శారీరక శ్రమ చెయ్యాలంది. ఆ దశాబ్దంలో కాలేజీ పిల్లలకు శ్రమదాన శిబిరాలు మొదలయ్యాయి. 1958లో జవహర్‌లాల్ నెహ్రూ ముఖ్యమంత్రులకు ఉత్తరం రాస్తూ, డిగ్రీ చేతికి రావాలంటే ముందు సామాజిక సేవ చేసి ఉండాలన్న ఆలోచన బయటపెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన కమిటీ ఏర్పడింది. హైస్కూలు ముగించి కాలేజీలో అడుగుపెట్టబోయే ప్రతి విద్యార్థీ తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా తప్పనిసరిగా సేవ చెయ్యాలని ఆ కమిటీ గట్టిగానే చెప్పింది. అంతమందిని ఏడాదిపాటు ఎక్కడ ఉంచాలి, ఏం పెట్టాలి, ఎవరు చూసుకోవాలి అని లెక్కలు వేసేసరికి ఖర్చు భయపెట్టింది. నివేదిక పక్కకు పోయింది. 1960లో కె.జి. సయ్యదైన్ రకరకాల దేశాల్లో యువత సేవ ఎలా నడుస్తోందో పరిశీలించి, నిర్బంధం వద్దు, ఇష్టం మీదే సాగనివ్వండి అన్నారు. పదేళ్ళు తిరిగి వాదన రాధాకృష్ణన్ దగ్గరికే వచ్చి ఆగింది.

దేశ్‌ముఖ్ పేరు వచ్చాక తెలుగువాళ్ళం ఆయన ఇంటి సంగతి తలుచుకోకుండా దాటిపోలేం. 1953లో ఆయన పెళ్ళి చేసుకున్నది దుర్గాబాయిని. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభల సందర్భంగా పెట్టిన ఖాదీ ప్రదర్శన దగ్గర, టిక్కెట్టు లేదని నెహ్రూనే గుమ్మంలో ఆపేసిన వాలంటీరు పిల్ల ఆమే. ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడవాళ్ళకు హిందీ నేర్పే బడి పెట్టింది. జైళ్ళకు వెళ్ళొచ్చాక మళ్ళీ పుస్తకం పట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం చదివి, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకుంది. ఆ పట్టా రాకముందే ఆమె పెట్టిన ఆంధ్ర మహిళా సభ పుట్టేసింది. ఆ సభ తొలినాళ్ళలో చేసిన ముఖ్యమైన పని, చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను బనారస్ మెట్రిక్ పరీక్షకు తయారు చెయ్యడం. అంటే తను చదువుకుంటూనే, తనలాగే దారి మూసుకుపోయిన వాళ్ళను వెంట నడిపించుకుంది. ఏ కమిటీ సిఫార్సూ లేదు, గంటల లెక్కా లేదు. 1958-59లో స్త్రీ విద్యపై వేసిన జాతీయ కమిటీకి ఆమె అధ్యక్షురాలు. ఆ 1959లోనే యువత సేవ మీద భర్త కమిటీ కూర్చుంది. ఈ రెండు నివేదికలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలనిపిస్తుంది నాకు.

ప్రభుత్వ వాదనలన్నీ తిరిగినవి మూడు ప్రశ్నల చుట్టూ: ఎన్ని నెలలు, నిర్బంధమా ఇష్టమా, డబ్బెవరిస్తారు. వెళ్ళిన విద్యార్థి అక్కడ ఏం నేర్చుకుని వస్తాడు, ఎవరి దగ్గర నేర్చుకుంటాడు అన్నది వీటి వెనక ఉండిపోయింది. ఈ ప్రశ్నతోనే మొదలైన ప్రయోగం ఒకటి అంతకు చాలాముందే జరిగింది. 1884లో, లండన్ తూర్పు భాగాన వైట్‌చాపెల్‌లో. అది కటిక బీదల పేట. అక్కడి చర్చిలో పాదిరీగా ఉన్న శామ్యూల్ బార్నెట్, ఆయన భార్య హెన్రియెట్టా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి కుర్రాళ్ళను పిలిచారు. దానాలు చేసి సాయంత్రానికి ఇంటికి పోయేవాళ్ళు వద్దు, వచ్చి ఇక్కడే కాపురముండండి, పగలు మీ పని చూసుకుని రాత్రుళ్ళు ఇరుగుపొరుగుకు పాఠాలు చెప్పండి, వాళ్ళ బతుకు మీరు తెలుసుకోండి అన్నారు. అంతకు ముందు ఏడాదే ముప్పై ఏళ్ళకే చనిపోయిన ఆర్నల్డ్ టాయిన్‌బీ అనే ఆర్థిక చరిత్ర పండితుడి పేరు ఆ ఇంటికి పెట్టారు: టాయిన్‌బీ హాల్. అక్కడ పనిచేసిన వాళ్ళలో విలియం బెవరిడ్జ్ ఒకరు. బ్రిటన్ సామాజిక భద్రతా వ్యవస్థకు పునాది వేసిన 1942 నాటి నివేదిక ఆయనదే. క్లెమెంట్ అట్లీ కూడా కొన్నాళ్ళు ఆ హాలుకు కార్యదర్శి. కలిగినింట పుట్టి లా చదివిన అట్లీ 1905లో ఆ తూర్పు లండన్‌లోనే కూలివాళ్ళ పిల్లల క్లబ్బులో సాయం చెయ్యడానికి వెళ్ళి ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయాడు. అతని రాజకీయం మారింది ఆ పిల్లల ఇళ్ళు చూశాకే. మన స్వాతంత్ర్య చట్టం 1947లో బ్రిటిష్ పార్లమెంటులో నెగ్గినప్పుడు ప్రధానమంత్రి అతనే. నేర్పడానికి వెళ్ళినవాడు ఎంత నేర్చుకుని రాగలడో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద ఉదాహరణ తట్టదు.

టాయిన్‌బీ హాల్‌ను చూసివెళ్ళిన జేన్ ఆడమ్స్ 1889లో షికాగోలో ఎలెన్ గేట్స్ స్టార్‌తో కలిసి హల్ హౌస్ తెరిచింది. పని చేస్తూ నేర్చుకోవాలని బోధించిన జాన్ డ్యూయీ అక్కడికి వస్తూపోతూ ఉండేవాడు. అమెరికన్ విశ్వవిద్యాలయాలు ఈ పద్ధతికి సర్వీస్ లెర్నింగ్ అని పేరు పెట్టుకోవడం చాలా ఆలస్యంగా, 1960ల చివర్లో. మెక్సికో అంతకాలం ఆగలేదు. 1936లోనే అక్కడి జాతీయ విశ్వవిద్యాలయం వైద్య విద్యార్థులను పట్టా ఇచ్చేముందు పల్లెలకు పంపడం మొదలుపెట్టింది. తర్వాత మిగతా చదువులకూ ఆ నియమం పాకింది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ ఇండోనేషియాది. డచ్చివాళ్ళు వెళ్ళిపోయాక జావా దీవి బయట హైస్కూళ్ళు అరకొర, పాఠం చెప్పేవాళ్ళు ఇంకా అరకొర. గజమద విశ్వవిద్యాలయంలో లా చదువుతున్న కుస్నాది అనే కుర్రాడు, టీచర్లు లేకపోతే మేము వెళ్తాం అన్నాడు. 1951లో ఆ మాటే పథకంగా మొదలైంది. కాలేజీ విద్యార్థులు దూరపు దీవుల్లో హైస్కూళ్ళు నిలబెట్టి, ఏళ్ళ తరబడి అక్కడే ఉండి చదువు చెప్పారు. కుస్నాది తనే తిమోర్ దీవిలోని కుపాంగ్‌కు వెళ్ళాడు. తిరిగొచ్చేటప్పుడు ముగ్గురు శిష్యులను గజమదలో చదివించడానికి వెంట తెచ్చాడు. వాళ్ళలో ఒకడు అడ్రియానస్ మోయ్, 1988లో ఇండోనేషియా కేంద్ర బ్యాంకు గవర్నరయ్యాడు. కుస్నాది అప్పటికి అదే గజమద విశ్వవిద్యాలయానికి రెక్టారు. ఆ అనుభవం నుంచే 1970ల మొదట్లో అక్కడి విశ్వవిద్యాలయాలు పల్లె సేవను చదువులో భాగం చేశాయి.

మనదగ్గర చివరికి చిక్కుముడి విప్పింది యుద్ధం. 1962లో చైనాతో యుద్ధం తర్వాత, 1963లో కాలేజీల్లో ఎన్.సి.సి. తప్పనిసరి చేశారు. కవాతు అందరికీ పట్టే వ్యవహారం కాదు. అన్ని లక్షల మందికి తర్ఫీదు ఇవ్వడమూ తేలిక కాదు. ఈలోగా డి.ఎస్. కొఠారీ కమిషన్ 1964 నుంచి 1966 వరకు దేశంలోని చదువంతా తరచి చూసి, ప్రతి దశలోనూ విద్యార్థికి ఏదో ఒక సామాజిక సేవ ఉండాలంది. 1967 ఏప్రిల్‌లో రాష్ట్రాల విద్యామంత్రులు సమావేశమై, ఎన్.సి.సి.ని ఇష్టమున్న వాళ్ళకు వదిలేసి, దానికి బదులుగా జాతీయ సేవా పథకం పెడదామన్నారు. మరుసటి ఏడాది ఎన్.సి.సి.లో నిర్బంధం పోయింది. 1969లో ఎన్.ఎస్.ఎస్. వచ్చింది. ఇరవై ఏళ్ళు ఆదర్శంగా వినిపించిన మాట, ఆఖరికి కవాతు వద్దన్నవాళ్ళకు ప్రత్యామ్నాయంగా కాలేజీ మెట్లెక్కింది. దీని స్వభావం తెలుసుకోవాలంటే ఈ పుట్టుకను గుర్తుపెట్టుకోవాలని నా అభిప్రాయం.

కోణార్క సూర్యదేవాలయపు రథచక్రం గుర్తు, రెండేళ్ళలో 240 గంటల సేవ, ఒక్కో యూనిట్‌కు మామూలుగా నూరుమంది, వాళ్ళను నడిపే ప్రోగ్రాం ఆఫీసర్, ఒక దత్తత గ్రామం, ఏడాదికోసారి ఏడు రోజుల స్పెషల్ క్యాంపు. పద్ధతి ఇదీ. 1973లో కరువు మీద యువత పేరుతో పెద్ద ఎత్తున క్యాంపులు నడిచాయి. ఆ తర్వాత మురికి, రోగాలు, చెట్లు నాటడం అంటూ విషయం మారుతూ వచ్చింది. ఇప్పుడు వాలంటీర్లు 40 లక్షలకు దరిదాపుల్లో ఉన్నారు. ప్రోగ్రాం ఆఫీసర్ అంటే కాలేజీలో పాఠాలు చెప్పే లెక్చరరే. ఆ పనిపైన ఈ పని. మంచి ఆఫీసర్ దొరికిన యూనిట్‌లో పిల్లలు ఊరివాళ్ళ పేర్లు, వాళ్ళ బావుల లోతు, అప్పుల మొత్తం చెప్పగలరు. అలాంటివారు దొరకని చోట గంటలు హాజరు పట్టీలో నిండుతాయి, సర్టిఫికెట్టు వస్తుంది. తప్పు పిల్లలదని నేననను. ఏడు రోజుల్లో రోడ్డు మీద గుంటలు పూడ్చొచ్చు, ఇంకుడు గుంతలు తవ్వొచ్చు. ఒక మనిషిని తెలుసుకోవడానికి ఏడు రోజులు చాలవు.

అందుకే ఈ చరిత్రలో పాఠం చెప్పే పాయ వేరుగా నిలబడుతుంది. 1974లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో పెరాహ్ అనే పథకం మొదలైంది. విశ్వవిద్యాలయ విద్యార్థి పేద ఇంటి పిల్లవాడు ఒకణ్ణి ఏడాది పొడుగునా వారం వారం కలుస్తాడు. బదులుగా అతని ఫీజులో కొంత తగ్గుతుంది. 1975లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో సింక్లెయిర్ గుడ్‌లాడ్ ఇంజనీరింగ్ విద్యార్థులను దగ్గర్లోని పిమ్లికో బడికి పంపాడు. అక్కడ తేలిందేమిటంటే, పదకొండేళ్ళ పిల్లకు కరెంటు సంగతి అర్థమయ్యేలా చెప్పబోతే, చెప్పేవాడికి నిజంగా ఎంత అర్థమైందో పైకి తెలిసిపోతుంది. ఫార్ములా వెనక దాక్కోవడం కుదరదు. భిన్నాల దగ్గర తికమకపడే పిల్లవాడు వచ్చేవారం కూడా అదే బెంచీ మీద ఎదురుచూస్తుంటాడు. పోయినవారం చెప్పింది అతనికి ఎక్కలేదంటే ఇంకో దారి వెతకాల్సిందే. అతను ఎందుకు బడి మానేస్తున్నాడో, ఇంట్లో ఎవరికి జబ్బు చేసిందో అలా వారాల మీద తెలుస్తుంది. సర్వే కాగితంలో ఆ గడి ఉండదు.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చిన ప్రయత్నం 1986 నాటి సామూహిక అక్షరాస్యతా కార్యక్రమం. ఒక్కొక్కరు ఒక్కొక్కరికి చదువు చెప్పాలంటూ ఎన్.ఎస్.ఎస్. విద్యార్థులను వయోజనుల దగ్గరికి పంపారు. రెండేళ్ళకు జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. ఆ వెనకే జిల్లాల్లో సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు నడిచాయి. వాటిలో చెప్పింది కాలేజీ విద్యార్థులు మాత్రమే కాదు, ఊళ్ళలో కాస్త చదువుకున్న వాళ్ళంతా చెప్పారు. నెల్లూరు జిల్లాలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్ళు తమ వాచకంలో సారా మీద పోరాటం గురించిన పాఠం చదివారు. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ, తోటి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. లాంతరు వెలుగులో అఆలు దిద్దించిన వాలంటీర్లలో ఇంత జరుగుతుందని ఊహించినవాళ్ళు ఎవరుంటారు! ఊరి ఆడవాళ్ళకు ఏం తెలుసో అప్పుడు జిల్లా మొత్తం నేర్చుకుంది.

ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఈ కథ ఇంకో మలుపు తిరిగింది. 2020-21 నుంచి అమలైన డిగ్రీ పాఠ్యప్రణాళికలో ఉన్నత విద్యా మండలి కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టింది. మొదటి ఏడాది అయ్యాక 180 గంటలు, క్రెడిట్లతో సహా, అందరికీ తప్పనిసరి. దేశ్‌ముఖ్ కమిటీ అడిగిన నిర్బంధం అరవై ఏళ్ళ తర్వాత చిన్న కొలతలో వచ్చిందన్నమాట. సర్వే చెయ్యాలి, అవగాహన కార్యక్రమాలు నడపాలి, తన సబ్జెక్టుకు సంబంధించిన సమస్య ఒకటి పట్టుకుని పనిచెయ్యాలి, నివేదిక రాయాలి. సేవకు మార్కులు పడటం మంచిదేనని నేననుకుంటాను. మార్కులు లేని పనికి మన కాలేజీల్లో టైంటేబుల్ దొరకదు.

అభ్యంతరమల్లా కాలం దగ్గరే. ఈ 180 గంటలకు కేటాయించింది వేసవి సెలవులు. అప్పుడు డిగ్రీ పిల్లలకు తీరిక ఉంటుంది, నిజమే. కానీ అదే వేసవిలో ఊరి బడికి తాళం వేసి ఉంటుంది, చదువు చెప్పించుకోవాల్సిన పిల్లలు మామిడి తోటల్లోనో, మేనమామల ఊళ్ళలోనో, పనిలోనో ఉంటారు. దాంతో గణితం చదివే విద్యార్థి కూడా ఇంటింటికీ తిరిగి సర్వే కాగితాలు నింపడంతోనే సరిపెట్టుకోవాల్సి వస్తుంది. అవే గంటలను వారానికి ఆరు చొప్పున పంచితే ముప్పై వారాలు వస్తాయి. జూన్‌లో బడి తెరిచింది మొదలు పరీక్షల దాకా ఒకే పిల్లవాడి పక్కన కూర్చోవడానికి అది సరిపోతుంది. కావలసింది కాలేజీ టైంటేబుల్‌లో వారానికి రెండు మధ్యాహ్నాలు, దగ్గర్లోని ప్రభుత్వ పాఠశాల ప్రధానోపాధ్యాయుడితో ఒక ఒప్పందం, దానికి బాధ్యుడిగా ఒక లెక్చరర్.