ఉప్పునీటి తొట్టెలో చేప, పగడం

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని కార్యదర్శిగారు కోరారు. ట్రెజరీలో బిల్లులు చూసి రిటైరైన వాడికి వ్రాయడానికి ఏముంటుందని ఆలోచిస్తే, నేను చేసిన ఒక తప్పు, దాని వెనుకనున్న చరిత్ర గుర్తుకు వచ్చాయి.

మన నరసాపురం వారికి చేప కొత్త కాదు. పగడం మాత్రం ఉంగరంలో చూడడమే. అంతర్వేది వద్ద వశిష్ఠ గోదావరి మంచినీటిని, ఒండ్రుమట్టిని సముద్రంలో కలుపుతుంది. దిబ్బలు కట్టే పగడపు జీవులకు తేటనీరు, ఉప్పదనం, ఎండ కావాలి. అందుచేత అవి మన తీరంలో లేవు. మన్నార్ సింధుశాఖ, అండమాన్, లక్షద్వీపాలలో ఉన్నాయి.

2012లో అమెరికాలో మా అబ్బాయి ఇంటికి వెళ్ళాము. హాలులో ఉప్పునీటి తొట్టె, అందులో రంగురంగుల చేపలు, పగడాలు. అది మా మనవడి ప్రాణం. ఒకనాడు చేపల ఒంటిమీద తెల్లచుక్కలు కనబడ్డాయి. చెరువుల్లో మైలుతుత్తం వాడడం ఎరిగినవాణ్ణి కదా! అలమారలో రాగి మందు సీసా ఉంటే, ఎవరినీ అడగకుండా తొట్టెలో పోశాను. చేపలు బతికాయి. పగడాలు ముడుచుకుపోయి, వారం తిరిగేసరికి తెల్లటి రాళ్ళుగా మిగిలాయి.

“తాతగారూ, వాటికి ప్రాణం లేదనుకున్నారా?” అన్నాడు మనవడు. నిజమే, రాళ్ళనే అనుకున్నాను. ఆ సిగ్గుతోనే ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

1846లో అన్నా థిన్ అనే ఇంగ్లీషు మహిళ టార్కీ తీరం నుండి పగడపు జీవులను లండన్ తెచ్చి పెంచింది. నీటికి గాలి తగలడానికి పనిమనిషి చేత ఆ నీటిని పాత్ర నుండి పాత్రకు పోయించేదట! 1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపలశాల తెరిచారు. మన దేశంలో మొదటిది 1909లో మద్రాసు మెరీనా తీరాన వచ్చింది. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ కృషి అది. అప్పట్లో జూను “బతికిన కాలేజీ” అనీ, మ్యూజియాన్ని “చచ్చిన కాలేజీ” అనీ అనేవారు. మా నాన్నగారు ఆ చేపలశాల చూసి వచ్చి మాకు కథలుగా చెప్పేవారు. యుద్ధకాలంలో 1942లో అది మూతపడింది.

చేపను, పగడాన్ని కలిపి బతికించడం చాలాకాలం చేతకాలేదు. చేప విసర్జించే అమ్మోనియా విషం. దానిని విరిచేది రాళ్ళలోని సూక్ష్మజీవులు. జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్ సముద్రపు రాళ్ళు, గాలిబుడగలతోనే తొట్టె నడిపిన తీరును 1961లో ప్రకటించాడు. తరువాత బెర్లిన్ ఔత్సాహికులు బలమైన దీపాలు, నీటిలోని మాలిన్యాన్ని నురుగుగా తీసే యంత్రం చేర్చారు. దీపాలెందుకంటే, పగడపు ఒంటిలోని సూక్ష్మమైన నాచు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడాన్ని పోషిస్తుంది.

చేపలలోనూ ఎంపిక ఉంది. సీతాకోకచిలుక చేపలలో చాలా రకాలు పగడాన్ని కొరికి తింటాయి. విదూషక చేపలు, గోబీలు సాధారణంగా జోలికి పోవు. కొత్త చేపను కొన్ని వారాలు వేరే తొట్టెలో ఉంచాలి. జబ్బు చేస్తే రాగి మందు అక్కడే వేయాలి. పరాన్నజీవిని చంపే రాగి పగడాన్నీ చంపుతుంది. పైగా రాళ్ళు, ఇసుక దానిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతాయి. మా అబ్బాయి ఆ సీసా దాచింది వేరే తొట్టె కోసమేనని తరువాత తెలిసింది.

మన దేశంలో 2001 నుండి పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. ఎవరైనా అమ్మజూపినా కొనకండి.

మనవడు మళ్ళీ తొట్టె పెట్టాడు. ఈసారి వెళ్ళినప్పుడు మేత వేసే పని నాకే అప్పగించాడు. మందుల అలమారకు మాత్రం తాళం వేశాడు. ఆ తాళం న్యాయమైనదే!