గడప దాటని చట్టం

పిల్లలను ఎలా పెంచాలో తల్లిదండ్రులకు చెప్పవలసినది ఎంతో ఉన్నదని ప్రభుత్వాలూ, పెద్దలూ, మావంటి బడిపంతుళ్ళూ చాలాకాలంగా అంటూనే ఉన్నాము. వినడానికి ఆ తల్లికి తీరిక ఉన్నదా అని అడిగినవారు తక్కువ. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల చరిత్రను ఈ ప్రశ్నతో పరికిస్తే కొన్ని సంగతులు తేటపడతాయి.

ఈ మూడు పట్టణాలూ 2016 అక్టోబరు దాకా కరీంనగర్ జిల్లాలోనివే. 1970ల తరువాత జగిత్యాల, కోరుట్ల పల్లెలనుండి మగవారు గల్ఫు దేశాలకు దారిపట్టారు. సిరిసిల్లలో సాంచల మీద పన్నెండేసి గంటల పని. అది కరువైతే భీవండికో, సూరత్‌కో వలస. మూడుచోట్లా ఇంట మిగిలిన ఇల్లాలి ఒడిలో బీడీల చాట. తునికాకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారం కట్టి అప్పగిస్తే వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. బిడ్డకు అన్నం తినిపించిన అరగంట కూడా ఆ కూలిలోనుండి తరిగిపోయేదే.

1966లో బీడీ, చుట్ట కార్మికుల చట్టం వచ్చింది. నిర్ణీత సంఖ్యకు మించి స్త్రీలు పనిచేసే చోట ఆరేళ్ళలోపు పిల్లలకు ప్రత్యేకమైన గది ఉండాలని, వారిని చూచుకొనే శిక్షితురాలు ఉండాలని అది శాసించింది. ఎంత మంచి మాట! కాని ఆ నియమం ‘పారిశ్రామిక ఆవరణ’కే వర్తించేది. ఆ మాటకిచ్చిన నిర్వచనంలో సొంత నివాసగృహాన్ని మినహాయించారు. ఇంట్లో బీడీలు చుట్టే స్త్రీని కార్మికురాలిగా గుర్తించిన చట్టమే ఆమె పక్కన పాకే బిడ్డను గుర్తించలేదు.

1986 నాటి బాలకార్మిక చట్టంలోనూ ఇదే కథ. బీడీల తయారీని నిషిద్ధమైన పనుల పట్టికలో చేర్చారు. కుటుంబసభ్యుల సాయంతో సాగే పనికి మినహాయింపునిచ్చారు. వేళ్ళకు తంబాకు వాసనతో తరగతికి వచ్చిన ఆడపిల్లలను నేను చూచాను. వారెవరూ ఏ కార్ఖానాకూ పోలేదు. అమ్మ పక్కన కూర్చున్నారు, అంతే. చట్టం గడప దగ్గర ఆగిపోయింది.

గడప దాకానైనా వచ్చినది అంగన్‌వాడీ. సంస్కృతంలో అంగణమంటే ముంగిలి. పేరులోనే దాని ఉద్దేశం ఉన్నది. 1975 అక్టోబరు 2న దేశంలో 33 ప్రాజెక్టులతో మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకంలో ఆరు సేవలు. వాటిలో ఒకటి 15 నుండి 45 ఏళ్ళ స్త్రీలకు పోషకాహార, ఆరోగ్య బోధన. పెంపకపు పాఠానికి మన ప్రభుత్వం వేసిన పీట అదే. 2015 జనవరిలో తెలంగాణలో మొదలైన ఆరోగ్యలక్ష్మి గర్భిణులకు, బాలింతలకు అన్నం, పప్పు, గుడ్డు, పాలతో కేంద్రంలోనే పూట భోజనం పెట్టింది. ఆ భోజనానికైనా, ఆ పాఠానికైనా ఆమె చాట దించి లేవాలి. లేచినంతసేపూ కూలి లేదు.

అందుకే, పాఠం కానివాటినే నేను పెంపకానికి అసలైన ఆసరాలుగా లెక్కిస్తాను. 1976 నాటి బీడీ కార్మిక సంక్షేమనిధి వారి పిల్లలకు ఉపకారవేతనాలిచ్చింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి ప్రారంభించి, 2019లో దానిని 2,016కు పెంచింది. మిషన్ వాత్సల్య 2022 మార్గదర్శకాలు వితంతువుల, భర్త విడిచిన తల్లుల పిల్లలకు, అర్హతనుబట్టి, నెలకు 4,000 రూపాయల సాయాన్ని నిర్దేశించాయి. బిడ్డను అనాథాశ్రమానికి పంపక కన్నతల్లి దగ్గరే ఉంచడం దాని ధ్యేయం. నేతన్నల ఆత్మహత్యలను చూచిన సిరిసిల్లకు, గల్ఫునుండి శవపేటికలను దించుకొన్న కోరుట్ల పల్లెలకు దాని విలువ వేరే చెప్పనక్కరలేదు.

2024లో కేంద్రం పుట్టుకనుండి మూడేళ్ళ దాకా పిల్లలతో ఎలా మాట్లాడాలో, ఎలా ఆడాలో చెప్పే ‘నవచేతన’ను వెలువరించింది. మంచిదే. బిడ్డతో కబుర్లాడవలెనని మన తల్లులకు తెలియక కాదు. ఆ కబురుకు పట్టే కాలాన్ని ఎవరో ఒకరు కొని ఆమె చేతిలో పెట్టాలి. భృతి ఆ పని కొంత చేసింది. 1966లో కార్ఖానాకు నిర్దేశించిన ఆ పిల్లల గది మాత్రం బీడీలు చుట్టే ఇంటిదాకా రానేలేదు.