తెల్లని అన్నము – తవుడు చరిత్ర

నెల్లూరు అనగానే తెలుగువారికి మొలకొలుకులు గుర్తుకు వచ్చును. పంతొమ్మిదవ శతాబ్దములో పెన్నపై ఆనకట్టలు కట్టిన పిదప సముద్రతీరపు పల్లెల దాకా వరిమడులు పరచుకొన్నవి. అన్నము ఎంత సన్నగా, ఎంత తెల్లగా ఉంటే ఆ ఇంటికి అంత గౌరవము. ముతక దంపుడు బియ్యము పేదల తిండి అనిపించుకొన్నది.

ఊక తీసిన వరిగింజ నిజానికి తెల్లగా ఉండదు. దానిపై పలుచని తవుడు పొర, ఒక కొనను అంకురము ఉంటవి. గింజలోని పీచు, నూనె, 'బి' విటమినులు ఎక్కువభాగము వీటిలోనే ఉన్నవి. రోకటితో దంచిన బియ్యములో తవుడు కొంత మిగులును. మరలో పాలిషు పడితే దాదాపు అంతా పోవును. తవుటిలోని నూనె త్వరగా చెడి ముక్కవాసన వేయును గనుక వర్తకునికి కూడా తెల్లబియ్యమే అనుకూలము.

ఈ తెల్లదనము ఊరకే రాలేదు. నెల్లూరికి ఉత్తరముననున్న సర్కారు జిల్లాలలో కాళ్ళు తిమ్మిరెక్కి చచ్చుబడి, లేదా ఒళ్ళు వాచి, గుండె బలహీనపడి మనుషులు చనిపోయేవారు. అదే బెరిబెరి. మద్రాసు సైన్యపు వైద్యుడు మాల్కంసన్ 1835లోనే ఈ జబ్బుపై ఒక గ్రంథము ప్రకటించినాడు. అప్పటికి ఇక్కడ రైసుమిల్లులు లేవు. కాబట్టి నేరమంతా మరలదే అనరాదు. అతిగా దంచి, పలుమార్లు కడిగి, గంజి పారబోసినా విటమిను పోవును గదా!

కారణము జావాలో బయటపడినది. 1890 తరువాతి సంవత్సరాలలో ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు పాలిషు బియ్యపు అన్నము తిన్న కోళ్ళకు కాళ్ళు పడిపోవుట, తవుడున్న బియ్యము పెట్టగా అవి కోలుకొనుట గమనించినాడు. తెల్లబియ్యములో ఏదో విషమున్నదని ఆయన మొదట భావించినాడు. విషము కాదు, లోపమే కారణమని 1901లో గ్రైన్స్ చెప్పినాడు. ఆ లోపించిన పదార్థమే 'బి1' విటమిను. 1926లో దానిని తవుటినుండి వేరుచేసినారు.

మరి తమిళ జిల్లాలవారూ మిల్లు బియ్యమే తింటున్నా వారికి బెరిబెరి అరుదు. ఎందువల్ల? కూనూరు పోషకాహార పరిశోధనశాల డైరెక్టరు ఐక్రాయిడ్ 1930–40 ప్రాంతాలలో దీనిని వివరించినాడు. వారిది ఉప్పుడు బియ్యము. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలోని విటమిను గింజ లోపలికి ఇంకును. ఆపైన పాలిషు పట్టినా కొంత నిలుచును. సర్కారువారు తినేది పచ్చిబియ్యము. ఈ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, తరువాత జాతీయ పోషకాహార సంస్థ అయినది.

నెల్లూరు దగ్గర పల్లెపాడులో 1921లో ఆశ్రమము ప్రారంభించిన గాంధీజీ, 1934లో అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘము పెట్టినప్పుడు దంపుడు బియ్యాన్ని అందులో ముఖ్యాంశము చేసినారు. అయినా రోళ్ళు మూలబడినవి.

నేడు బెరిబెరి దాదాపు కనబడదు; బరువు, మధుమేహము ఆ స్థానమునకు వచ్చినవి. ఇక్కడ ఒక పొరపాటు అభిప్రాయము ఉన్నది. 2017నాటి జాతీయ పట్టికల ప్రకారము 100 గ్రాముల ముడిబియ్యములో 'బి1' 0.27 మిల్లీగ్రాములు, తెల్లబియ్యములో 0.05, పీచు 4.4 గ్రాములు, 2.8 గ్రాములు. కేలరీలు మాత్రము రెండింటిలోను సుమారు 350. కనుక బియ్యము మార్చి, ముద్దలు తగ్గించకపోతే బరువు తగ్గదు. తేడా కడుపు నిండుటలోనే. 2019లో అమెరికాలో 20 మందికి రెండేసి వారాలు బాగా మరపట్టిన కార్ఖానా తిండి, రెండేసి వారాలు సహజాహారము పెట్టి, ఎవరికి వారు తిన్నంత తిననిచ్చినారు. కార్ఖానా తిండితో రోజుకు సుమారు 500 కేలరీలు ఎక్కువ తిని, కిలోకు కాస్త తక్కువ బరువు పెరిగినారు. సహజాహారముతో అంతే తగ్గినారు.